హాఫ్ ర్యాక్ బడ్జెట్టు

విశాఖపట్నానికి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో పేపర్లో పడ్డ దగ్గర్నుంచి ఏ పెళ్లికి వెళ్లినా నన్ను దాని గురించే అడుగుతున్నారు. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లట, గిగావాట్ల కరెంటట. అంతకుముందు 2022లో మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో 15 వేల కోట్లంది. 2023 జనవరిలో అమెజాన్ తన పెట్టుబడిని 36,300 కోట్లకు పెంచుతానంది. "మీ కంపెనీది కూడా డేటా సెంటర్లోనేగా అమ్మా, ఏమాత్రం అవుతుందేమిటి?" అని మా మేనమామ ఒకాయన భోజనాల దగ్గర అడిగారు. "మాది ఒక ఇనప ర్యాకులో కింది సగం మావయ్యా" అన్నాను. ఆయన నమ్మలేదు. నేనేదో దాస్తున్నాననుకున్నారు.

నేను అకౌంట్స్ మనిషిని. సర్వర్లు చూసుకునేది మా సిస్టమ్స్ కుర్రాళ్లు, వాటికి బిల్లులు కట్టేది నేను. జిల్లాల్లోని స్కానింగ్ సెంటర్లలో తీసిన సీటీ, ఎమ్మారై బొమ్మలు మా దగ్గరికి వస్తాయి. హైదరాబాదులో కూర్చున్న రేడియాలజిస్టు వాటిని తెరిచి చూసి రిపోర్టు రాస్తాడు. రెండేళ్ల తర్వాత అదే పేషెంటు మళ్లీ వస్తే పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తారు. ఒక్క సీటీ అంటే వందల ఎంబీలు. రోజూ వచ్చేవే గానీ పోయేవి ఉండవు. ఇలాంటి సరుకు పెట్టుకోవడానికి చిన్న కంపెనీకి మూడు దారులున్నాయి. ఆఫీసులో ఓ వెనక గది, క్లౌడు, కోలో.

వెనక గది చవక అనుకుంటారు. స్ప్లిట్ ఏసీ రెండు పెట్టి, యూపీఎస్ బ్యాటరీలు మూడేళ్లకోసారి మారుస్తూ, ఆదివారం సాయంత్రం కరెంటు పోతే వాచ్‌మన్‌కి ఫోన్ చేసి జనరేటర్ వేయించే ఖర్చంతా ఆఫీసు కరెంటు బిల్లులోనూ సిబ్బంది జీతాల్లోనూ కలిసిపోయి కనపడదు, అంతే. క్లౌడులో మిషన్లు కూడా వాళ్లవే, వాడినంత కట్టాలి. ఈరోజు ఎక్కువా రేపు తక్కువా వాడేవాళ్లకి అది మంచిదే. మాలాగా ఏడాది పొడవునా ఒకే లోడు ఉండి, డాక్టర్లు బొమ్మలు పదే పదే దించుకునే చోట, బయటికి పోయే ప్రతి జీబీకీ మీటరు తిరుగుతుంది. అమెరికాలో బేస్‌క్యాంప్ తయారుచేసే 37సిగ్నల్స్ కంపెనీకి 2022లో క్లౌడు బిల్లు 32 లక్షల డాలర్లయింది. దాదాపు 7 లక్షల డాలర్లు పెట్టి సర్వర్లు కొనుక్కుని బయటికొచ్చేశాక ఆ బిల్లు ఏడాదికి 13 లక్షలకి దిగిందని వాళ్ల సహ యజమాని డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ లెక్కలతో సహా రాశాడు. ఈ కథ చెప్పేవాళ్లు చెప్పని మాట ఒకటుంది: వాళ్లకి అప్పటికే డేటా సెంటర్లో ర్యాకులున్నాయి, నడిపే మనుషులున్నారు. మొదటిసారి వెళ్లేవాళ్ల లెక్క వేరు.

కోలో అంటే సర్వర్ మనదే, చోటు వాళ్లది. చోటుతోపాటు కరెంటు, చల్లదనం, కాపలా, కేబుల్ దారులు వాళ్లిస్తారు. ఫంక్షన్ హాలు బుక్ చేసుకున్నవాళ్లకి దీని సంగతి సగం తెలిసినట్టే. హాలు అద్దె ఇంత అని ముందు చెబుతారు. తర్వాత కరెంటు మీటరు రీడింగ్ వేరు, జనరేటర్ డీజిల్ గంటకింత, క్లీనింగ్ వేరు, బయటి డెకరేషన్ వాళ్లని తెస్తే దానికో ఛార్జి. పెళ్లయ్యాక చేతిలో పెట్టే బిల్లులో హాలు అద్దె ఓ మూల ఉంటుంది. మాకు వచ్చిన మొదటి కొటేషన్ల పైన కూడా పెద్దక్షరాల్లో అద్దే ఉంది. దాన్ని తగ్గించమని బేరమాడితే తగ్గించారు కూడా. తగ్గిస్తారు, వాళ్లకి అందులో పోయేదేమీ లేదు.

ర్యాకు కొలతలు లోకమంతా ఒకటే. వెడల్పు 19 అంగుళాలు, ఎత్తుని యూ లెక్కన కొలుస్తారు, ఒక యూ అంటే ఒకటీ ముప్పావు అంగుళం. నిండు ర్యాకు సాధారణంగా 42 యూలు. మా సామాను లెక్క వేస్తే నాలుగు సర్వర్లు ఒక్కోటి రెండు యూల చొప్పున ఎనిమిది, స్టోరేజి బాక్సు నాలుగు, స్విచ్చులు రెండు, ఫైర్‌వాల్స్ రెండు, వెరసి 16. హాఫ్ ర్యాకు చాలు. ఇంతవరకూ సులభమే. తర్వాతి ప్రశ్న దగ్గరే బడ్జెట్లు తలకిందులవుతాయి: "ఎన్ని కిలోవాట్లు, మేడం?"

సేల్స్ అబ్బాయి అడిగితే ఎవరైనా ఏం చేస్తారు? సర్వర్ వెనక స్టిక్కర్ మీదున్న అంకెలు కూడతారు. సర్వరుకి 800 వాట్లు చొప్పున నాలుగింటికి 3,200. స్టోరేజికి 1,100. స్విచ్చులకి 300, ఫైర్‌వాల్స్‌కి 200. మొత్తం 4,800 వాట్లు, కాబట్టి ఐదు కిలోవాట్లు. అయితే ఆ స్టిక్కర్ మీదున్నది పవర్ సప్లై గరిష్ఠంగా ఇవ్వగలిగిన శక్తి. మిషన్ నిజంగా తాగేది వేరు. మా కుర్రాణ్ణి క్లాంప్ మీటరు పట్టుకుని సోమవారం పొద్దున, అంటే స్కానింగ్ సెంటర్లన్నీ ఒకేసారి మీదపడే వేళ, కొలవమన్నాను. ఫేజు తీగ ఒక్కదాన్నే మీటరు దవడల మధ్య పెట్టాలి. రెండు తీగలూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది. అందుకని పైతొడుగు విప్పిన ఎక్స్‌టెన్షన్ వైరొకటి ప్రత్యేకంగా తయారుచేసుకున్నాడు. సర్వరుకి 280 వాట్లు వచ్చింది. స్టోరేజికి 450, స్విచ్చులు 60 చొప్పున, ఫైర్‌వాల్స్ 40 చొప్పున. మొత్తం 1,770. సర్వర్ లోపలే ఉండే మేనేజ్‌మెంట్ స్క్రీనులోనూ ఇంచుమించు ఇవే అంకెలున్నాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఫుల్‌స్పీడులో లేస్తాయి కాబట్టి కాస్త పైన పట్టుకోవాలి. రెండున్నర కిలోవాట్లు దర్జాగా సరిపోతాయి.

ఐదుకీ రెండున్నరకీ తేడా ఎంతో చూడండి. కొందరు అద్దె, కరెంటు అన్నీ కలిపి కిలోవాటుకి ఇంత అని నెలకి పాడతారు. లెక్క కోసం 12 వేలనుకుందాం (ఇక్కడి నుంచి రేట్లన్నీ లెక్క కోసం నేను వేసుకున్నవే, మీ కొటేషన్లో ఉన్నవి వేసుకోండి). ఐదు కిలోవాట్లకి 60 వేలు, రెండున్నరకి 30 వేలు. వాడినా వాడకపోయినా కట్టాల్సిందే, దాన్నే కమిట్ అంటారు. మూడేళ్లకి తేడా 10 లక్షల 80 వేలు. అలాగని మరీ బిగించి రెండుకే సంతకం పెడితే, దాటిన ప్రతి కిలోవాటుకీ పెనాల్టీ రేటు పడుతుంది. ఆ రేటు ఎంతో కాంట్రాక్టు చివరి పేజీల్లో ఉంటుంది.

రెండో పద్ధతి మీటరు. చోటుకి అద్దె వేరు, కరెంటు యూనిట్ల లెక్కన వేరు. చిన్నవాళ్లకి ఇదే మేలని నా అభిప్రాయం, కాకపోతే ఇందులో ఒక అంకె దాక్కుని ఉంటుంది. ఒక కిలోవాటు నెల పొడవునా ఆగకుండా నడిస్తే 720 యూనిట్లు. మా 1.77కి 1,274 యూనిట్లు. బిల్లులో మాత్రం 2,039 ఉంటుంది. ఎందుకంటే సర్వర్ తాగిన ప్రతి వాటూ వేడిగా మారుతుంది, ఆ వేడిని బయటికి తోలడానికి చిల్లర్లకీ ఫ్యాన్లకీ ఇంకొంత కరెంటు కావాలి, యూపీఎస్‌లో ఇంకొంత పోతుంది. మొత్తం భవనం తాగే కరెంటుని సర్వర్లు తాగే కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె పీయూఈ. మేమున్న చోట అది 1.6, అంటే సర్వర్ వాడే ప్రతి 100 యూనిట్లకీ మనం 160 కడతాం. ప్రపంచ సగటు కొన్నేళ్లుగా 1.5కీ 1.6కీ మధ్యనే ఆడుతోంది. గూగుల్ తన సొంత డేటా సెంటర్లలో 1.1 దాకా తెచ్చింది. మనం అద్దెకుండే పాత భవనాల్లో, మన ఎండల్లో, అంత ఆశ పెట్టుకోనక్కర్లేదు గానీ, ఆ అంకె ఎంతో కాగితం మీద ఉండాలి. "యాక్చువల్స్ ప్రకారం" అని రాస్తే ఒప్పుకోకండి. సగం ఖాళీగా ఉన్న భవనంలో పీయూఈ ఎక్కువుంటుంది, ఏసీలు ఎలాగూ నడవాలి కనక. పక్క ర్యాకుల్లోకి ఎవరూ రాకపోతే ఆ ఖర్చు మన బిల్లులో పడుతుంది.

ఇక యూనిట్ రేటు. డిస్కం పెంచితే వీళ్లూ పెంచుతారు, అది న్యాయమే. ఆంధ్రాలో ఇళ్లకే ట్రూఅప్ ఛార్జీలు ఎలా వచ్చిపడ్డాయో అందరికీ గుర్తుండే ఉంటుంది, ఎప్పుడో వాడిన కరెంటుకి ఇప్పుడు కట్టడం. కాంట్రాక్టులో "ప్రభుత్వం విధించే సర్దుబాట్లు అదనం" అన్న ముక్క ఉందంటే దానికోసం కొంత పక్కన పెట్టుకోవాల్సిందే. మా ఎండీ గారు అద్దె ఏటా ఐదు శాతం పెంపు మీద రెండు మీటింగులు వాదించారు. 20 వేల అద్దె మీద ఐదు శాతమంటే వెయ్యి రూపాయలు. అదే యూనిట్‌కి ఒక్క రూపాయి పెరిగితే నెలకి 2,039. ఈ రెండంకెలూ పక్కపక్కన రాసి ఆయన ముందు పెట్టాక ఆ వాదన ఆగింది.

కరెంటు గురించి ఇంకో మాట చెప్పి వదిలేస్తాను. ప్రతి ర్యాకుకీ ఏ, బీ అని రెండు లైన్లిస్తారు. ఒకటి పోయినా రెండోదాని మీద నడవాలన్నది ఉద్దేశం. 16 ఆంపియర్ల లైను 230 వోల్టుల దగ్గర 3,680 వీఏ ఇస్తుంది. అందులో 80 శాతం దాటనివ్వరు, అంటే సుమారు 2,940. రెండు లైన్లున్నాయి కదా, 5,880 వాడుకోవచ్చని ఎవరైనా సర్వర్లు పేర్చుకుంటూ పోతే, ఏదో రాత్రి మెయింటెనెన్స్ కోసం ఏ లైను ఆపినప్పుడు మొత్తం లోడు బీ మీద పడి అదీ ట్రిప్పవుతుంది. రెండు లైన్లకీ డబ్బు కడతాం, వాడుకోవలసింది ఒకదాని మేరకే. బడ్జెట్లో ఇది వృథాలా కనిపిస్తుంది. టైర్-3 అని బోర్డున్న చోట భవనంలో ఏ ఒక్క పరికరాన్ని ఆపి మరమ్మతు చేసినా సర్వర్లు ఆగకూడదు. ఆ హామీ మన ర్యాకు దాకా రావాలంటే ఈ వృథా ఉండాల్సిందే.

ఇంటర్నెట్ బిల్లు వేసే పద్ధతిలో ఒక వింత ఉంది, తెలిస్తే లాభం. ప్రతి ఐదు నిమిషాలకీ ఎంత వాడుతున్నామో రీడింగ్ తీస్తారు. 30 రోజుల నెలలో 8,640 రీడింగులు. వాటిని పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పెట్టి, పైనున్న ఐదు శాతం, అంటే 432, కొట్టేస్తారు. మిగిలినవాటిలో పెద్దదానికి బిల్లు. 432 రీడింగులంటే 36 గంటలు. నెలలో 36 గంటలు ఎంత వాడినా లెక్కలోకి రాదన్నమాట. రోజుకి గంటా పన్నెండు నిమిషాలు. రాత్రి బ్యాకప్ గంటలో అయిపోతే దానికి బిల్లు సున్నా. అదే బ్యాకప్ రెండు గంటలు పడితే నెలంతా ఆ వేగంతోనే వాడినట్టు కట్టాలి. మావాళ్లు బ్యాకప్‌ని గంటలోపు ముగించడానికి పాత బొమ్మల్ని రోజూ కాకుండా విడతలుగా పంపేలా మార్చుకున్నారు. దానికి కొత్త పరికరమేదీ కొనలేదు. అయితే అన్నిచోట్లా ఈ పద్ధతి ఉండదు, కొందరు ఇన్ని ఎంబీపీఎస్ అని ఫిక్సుగా ఇస్తారు. ముందే అడగాలి.

టెలికాం కంపెనీ లైను అదే భవనంలోకి వచ్చి ఉన్నా, అక్కణ్ణించి మన ర్యాకు దాకా లాగే కేబులుకి నెలనెలా అద్దె ఉంటుంది. క్రాస్ కనెక్ట్ అంటారు. కేబుల్ ఒక్కసారి లాగుతారు, అద్దె మాత్రం మనం ఉన్నన్నాళ్లూ. దీన్ని చూసి నవ్వని అకౌంటెంటుని నేను చూడలేదు. ఐపీ అడ్రసులకీ నెలవారీయే. ఎనిమిదింటి బ్లాకు తీసుకుంటే వాడుకోవడానికి మిగిలేవి ఐదు.

సామాను చేర్చే రోజుకి చిల్లర ఖర్చులు తక్కువేం కాదు. డేటా సెంటర్ పవర్ స్ట్రిప్పులకి మన ఇంటి మూడు పిన్నుల ప్లగ్గు ఎక్కదు. కంప్యూటర్ వెనక గుచ్చే రకం సాకెట్లుంటాయి, దానికి రెండు కొసలూ వేరుగా ఉండే సీ13-సీ14 కేబుళ్లు కావాలి. ఒక్కో సర్వరుకి రెండు. రైల్ కిట్లు, కేజ్ నట్లు, ఖాళీ యూలు మూసే పలకలు ఉండాలి. ఆ పలకలు లేకపోతే వెనకనుంచి వేడిగాలి ముందుకి తిరిగొస్తుంది. టవర్ సర్వరున్నవాళ్లు దాన్ని ర్యాకులో పెడితే యూలు నాలుగైదు తినేస్తుంది, ఆ అద్దె కన్నా కొత్తది కొనడం నయం. మన సొంత సామానే అయినా విలువ 50 వేలు దాటితే ఊళ్లో తరలించడానికి కూడా డెలివరీ చలాను, ఈ-వే బిల్లు ఉండాలి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చలానులోని సీరియల్ నంబర్లనీ సర్వరుకి అంటించిన నంబర్లనీ ఒక్కో అక్షరం చదివి సరిచూస్తాడు. సున్నా బదులు ఓ అక్షరం పడిందని ఒక స్విచ్చు లాబీలోనే ఉండిపోయింది, కంపెనీ లెటర్‌హెడ్ మీద కొత్త చలాను వచ్చేదాకా. విసుక్కున్నాం గానీ, రేపు మన డిస్కుని ఇంకెవడో పట్టుకుపోకుండా ఆపేది ఆ మనిషే.

డిస్కంటే గుర్తొచ్చింది. వారంటీలో పాడైన డిస్కుకి కొత్తది ఇవ్వాలంటే పాతది తిరిగివ్వమంటారు. అందులో పేషెంట్ల బొమ్మలున్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సరైన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. పాడైన డిస్కుని మనమే ఉంచుకునే వారంటీ రకం కొంచెం ఎక్కువ ధరకి అమ్ముతారు. సర్వర్ కొనేరోజే అది తీసుకోవాలి. బీమా సంగతీ ఇంతే. ఆఫీసు పాలసీలో రాసింది ఆఫీసు చిరునామా, సర్వర్లు ఉన్నది ఇంకోచోట. ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీలో డేటా సెంటర్ చిరునామా చేర్పించకపోతే ప్రీమియం కట్టినా లేనట్టే.

రిమోట్ హ్యాండ్స్ అని ఒక పద్దుంటుంది. మన తరఫున వాళ్ల టెక్నీషియన్ వెళ్లి బటన్ నొక్కడమో, కేబుల్ మార్చడమో. అరగంటకింత, రాత్రయితే ఎక్కువ. అర్ధరాత్రి మా కుర్రాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి గచ్చిబౌలి క్యాబ్‌లో వెళ్లి వచ్చే ఖర్చు, మర్నాడు ఇచ్చే సెలవు కలుపుకుంటే రిమోట్ హ్యాండ్సే చవక. నెలకి కొన్ని గంటలు ఉచితంగా అడిగితే ఇస్తారు, అద్దె మీద కాకుండా ఇలాంటివాటి మీద బేరమాడితే గిట్టుబాటవుతుంది.

జీఎస్టీ 18 శాతం. అద్దెతోపాటు ఇచ్చే కరెంటుని విడిగా బిల్లులో చూపించినా అద్దెకున్న రేటే వర్తిస్తుందని 2023 అక్టోబరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. ఉత్తప్పుడు కరెంటు మీద జీఎస్టీ లేదు కదా అనుకుని బడ్జెట్ వేసినవాళ్లకి ఇక్కడ గండి. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ సేవ అమ్ముతుంది, దాని మీద జీఎస్టీ వసూలు చేస్తుంది, కాబట్టి మేం కట్టిన 18 శాతం క్రెడిట్‌గా తిరిగొస్తుంది. అదే ఒక ఆసుపత్రో స్కానింగ్ సెంటరో నేరుగా ర్యాకు తీసుకుంటే? వైద్య సేవలకి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి వాళ్లకి క్రెడిట్ రాదు. వాళ్లకి లక్ష బిల్లంటే లక్షా 18 వేల ఖర్చు. కాంపోజిషన్ స్కీములో ఉన్న వ్యాపారులకీ అంతే. ఒకే ర్యాకు, ఒకే కొటేషన్, ఇద్దరికి రెండు ధరలు. టీడీఎస్ ఏ సెక్షన్ కింద కోయాలన్న దాని మీద ఆడిటర్లలోనే రెండు మాటలు వినిపిస్తాయి. మొదటి బిల్లు కట్టకముందే మీ ఆడిటర్‌తో తేల్చుకోండి.

ఇప్పుడు మొత్తం కూడతాను. మీటరు పద్ధతిలో, నెలకి. అద్దె 20,000. పీయూఈ 1.6తో 2,039 యూనిట్లకి పది రూపాయల చొప్పున 20,400 అనుకుందాం. ఇంటర్నెట్ 15,000. క్రాస్ కనెక్టులు రెండింటికి 6,000. ఐపీలు 2,000. రిమోట్ హ్యాండ్స్ సగటున 3,000. బీమా, వారంటీ పొడిగింపు కలిపి 10,000. వేరే ఊళ్లో బ్యాకప్ 12,000. మొత్తం 88,400. జీఎస్టీతో 1,04,312. పన్నుకి ముందు లెక్కలో అద్దె నాలుగో వంతు కూడా లేదు. ఇందులో సర్వర్ల అరుగుదల లేదు. కంపెనీల చట్టం సర్వరుకి ఆరేళ్ల ఆయుష్షు ఇచ్చింది, ఇన్‌కంటాక్సు ఏటా 40 శాతం తరుగు ఇస్తుంది. నేను మాత్రం ఐదేళ్లకి కొత్తవి కొనాలనుకుని నెలనెలా పక్కన పెడతాను. పన్నుకోసం వేసే లెక్క వేరు, కొనడానికి డబ్బు కూడబెట్టే లెక్క వేరు. మొదటి నెలలో డిపాజిట్టు, ఇన్‌స్టలేషన్ ఛార్జీ, పైన చెప్పిన చిల్లరంతా కలిసి మూడు నెలల బిల్లంత అవుతుందని పట్టుకుంటే చేతిలో డబ్బుకి కటకట రాదు.

వేరే ఊళ్లో బ్యాకప్‌కి 12 వేలెందుకని ప్రతి బడ్జెట్లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి తగలబడిపోయింది. అందులో ఎన్నో చిన్న వ్యాపారాల సర్వర్లున్నాయి. వేరేచోట బ్యాకప్ లేనివాళ్ల డేటా పోయింది, తిరిగి రాలేదు. ఆ మంటల ఫొటో నా బడ్జెట్ ఫైల్లో ఉంటుంది. మన దగ్గర మంటలకన్నా నీళ్లూ గాలీ ఎక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చాక విశాఖలో కరెంటు, ఫోన్లు కోలుకోవడానికి రోజులు పట్టింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది. హైదరాబాదులో ర్యాకున్నవాళ్లు హైదరాబాదులోనే ఇంకో పేటలో బ్యాకప్ పెట్టుకుంటే సగం పనే. కొన్నిటి కాపీ దేశంలోనే ఉండాలి కూడా: సర్వర్ లాగ్ రికార్డులని 180 రోజులు దేశంలోనే ఉంచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది, కంపెనీ ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వర్లో పడాలని అదే ఏడాది ఆగస్టులో నిబంధన మారింది.

ఎస్‌ఎల్‌ఏ అనే హామీ ఒప్పందం ఉంది కదా, ఆగిపోతే పరిహారమిస్తారు కదా అంటారు. టైర్-3కి 99.982 శాతమని బ్రోషర్లలో వేస్తారు. ఏడాదికి సుమారు 95 నిమిషాలు ఆగినా మాట తప్పనట్టే. అది దాటితే ఇచ్చేది ఆ నెల అద్దెలో ఐదో పదో శాతం క్రెడిట్. 20 వేలలో ఐదు శాతం వెయ్యి. స్కానింగ్ సెంటర్ల ముందు పేషెంట్లు కూర్చుని ఉండగా మా సర్వరు రెండు గంటలు ఆగితే మాకొచ్చే పరిహారం వెయ్యి రూపాయలు, అదీ వచ్చే నెల బిల్లులో. ఆదాయం పద్దులో ఈ అంకె నేనెప్పుడూ రాయను.

కాంట్రాక్టులో చివరి పేజీలు ముందు చదవాలి. లాకిన్ ఎన్నేళ్లు, మధ్యలో పోతే మిగిలిన నెలల అద్దె కట్టాలా, నోటీసు ఎన్ని రోజులు, ఇవ్వకపోతే దానంతటదే ఇంకో ఏడాదికి పొడిగింపవుతుందా. బకాయి ఉంటే మన సర్వర్లని బయటికి వదలరు అన్న క్లాజు చాలావాటిలో ఉంటుంది. ఒక బిల్లు మీద తగువుంటే ఆ తగువు తేలేదాకా మన సామాను వాళ్ల దగ్గరే. "వివాదంలో లేని బకాయి" అని ఒక్క మాట చేర్పించుకోవడానికి మాకు నాలుగు మెయిళ్లు పట్టింది. ఖాళీ చేసే ఖర్చు కూడా మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. పాతచోట పీకి కొత్తచోట పెట్టేలోగా రెండుచోట్లా ఒకటి రెండు నెలల అద్దె, రెండు ఇంటర్నెట్ లైన్లు, రవాణా బీమా, కుర్రాళ్ల ఓవర్‌టైము.

మా మూడేళ్ల గడువు వచ్చే మార్చితో అయిపోతుంది. 90 రోజుల నోటీసు కాబట్టి ఉత్తరం డిసెంబరులోనే వెళ్లాలి. అందుకని ఇప్పుడే కొత్త కొటేషన్లు తెప్పించాను. ఒకాయన అద్దె మూడు వేలు తక్కువకిస్తానన్నారు. ఎండీ గారికి వెంటనే నచ్చింది. వాళ్ల పీయూఈ అడిగితే 1.8 అన్నారు. మా లోడు మీద ఆ 0.2 తేడా నెలకి 255 యూనిట్లు, పది రూపాయల చొప్పున 2,550. మిగిలేది 450 రూపాయలు, దానికోసం సర్వర్లు విప్పి, మోసి, మళ్లీ బిగించాలి. ఉన్నచోటే ఉంటామనీ, అద్దె అలాగే ఉంచి పీయూఈని మాత్రం 1.5 దాటనివ్వమని రాసివ్వాలనీ మెయిల్ పెట్టాను. అది ఒప్పుకుంటే నెలకి 1,274 రూపాయలు తగ్గుతుంది. వాళ్ల నుంచి ఇంకా జవాబు రావాలి.